కంప్యూటర్ బూజు, రామాయమ్మ ముక్కు

వెంకటదుర్గ రోజూ పొద్దున్న కోటవురట్ల బస్సు దిగి, నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సు ఎదుటి టీ కొట్టు దాటుకుని, జగదీశ్వరరావు ఎరువుల దుకాణం వెనక గదిలోకి వచ్చి చేసే మొదటి పని కంప్యూటర్‌కి పట్టిన బూజు తుడవడం. బ్యాగు మేకుకి తగిలిస్తుంది. చున్నీ ముక్కుకి బిగించి కట్టుకుంటుంది. చిరిగిన బనియన్ గుడ్డని ఫినాయిల్ నీళ్ళలో ముంచి పిండి, ముందు ఫ్యాను కంతలు, తరవాత వైర్లు, ఆ తరవాత కీబోర్డు సందులు తుడుస్తుంది. తెల్లగా మొదలై, మధ్యలో పచ్చబడి, ముదిరేసరికి నల్లగా జిగురుగా తయారవుతుంది ఆ బూజు. పండగ సెలవులన్నాళ్ళూ మూత తియ్యకుండా వదిలేసిన టిఫిన్ డబ్బా కంపు కొడుతుంది. పక్క గదిలో పురుగుమందుల ఘాటు ఎలాగూ ఉంది. దానికి తోడు గుమ్మం మూల జగదీశ్వరరావు ఉమ్మిన కిళ్ళీ మరకలు. దుర్గ ఇంటి నుంచి తెచ్చుకున్న ఉప్మా దుకాణంలో తినడం మానేసి చాలాకాలమైంది.

కంప్యూటర్‌కి బూజు పట్టడమేమిటని నర్సీపట్నంలో ఎవరూ అడగరు. లోపల వేసిన సరుకు ఒకదానితో ఒకటి పడకపోతే పైకి బూజు వస్తుంది, అంతే. ఫోటో స్టూడియో వాళ్ళ కంప్యూటర్‌కి ఏటా వానాకాలంలో పడుతుంది, నిమ్మచెక్కతో రుద్దుకుంటారు. పెళ్ళికార్డులు వేసేవాళ్ళు వెనిగర్ సీసా ప్రింటర్ పక్కనే పెట్టుకున్నారు. తుడిచేవాళ్ళు ఊరంతా ఉన్నారు గానీ, దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఆ కంపు చూడాలని ఎవరికి బుద్ధి పుడుతుంది కనక!

ఆ ముక్కున్న మనిషి ఒకావిడ ఉంది గానీ, ఆవిడ మేడ దిగేది కాదు. జగదీశ్వరరావు తల్లి రామాయమ్మ. దుకాణం మీది మేడలో ఒక గది నిండా ఆవిడ పచ్చడి జాడీలే. ఆవకాయ, మాగాయ, ఉసిరి, చింతకాయ తొక్కు. బలిఘట్టంలో పెళ్ళయినా యలమంచిలిలో పెళ్ళయినా ఆవకాయ ఆవిడ దగ్గర్నించే వెళ్ళాలి. జాడీకి బూజు పడితే, దాని వాసన చూసి ఏ కోడలి తడి చెయ్యి పడిందో చెప్పేస్తుందని వీధిలో పేరు. ఇద్దరు కోడళ్ళు వేరు కాపురాలు పెట్టడానికి ఆ ముక్కే కారణమని కూడా అంటారు.

దుర్గ ఈ దుకాణంలో బిల్లులు కొట్టడానికి చేరింది. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. తెగులు పట్టిన ఆకు చేత పట్టుకుని వచ్చే రైతుల్ని చూసి చూసి, తనకు తానే నేర్చుకుని, పైథాన్‌లో ఒక ప్రోగ్రాం రాసింది. ఆకు ఫోటో ఇస్తే తెగులు పేరు చెబుతుంది. చెరకు ఎర్రకుళ్ళు, వరి అగ్గితెగులు ఇట్టే పట్టేస్తుంది. బలిఘట్టం సింగన్న చెరకులో ఎర్రకుళ్ళు మొదట్లోనే దొరికితే, ఆ మొదళ్ళు పీకి తగలబెట్టి మిగతా చేను దక్కించుకున్నాడు. అప్పటినుంచి దుకాణానికి జనం పెరిగారు. జగదీశ్వరరావు బయట ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఆయన ఫోటో పెద్దది, ఆకు ఫోటో చిన్నది. దుర్గ పేరు వెయ్యడానికి చోటు చాలలేదట.

ఇక ఈ రోతంతా ఎక్కడ మొదలైందో చెప్పాలి. ఆయుధపూజ నాడు మొదలైంది.

ఆ రోజు దుర్గకు సెలవు. జగదీశ్వరరావు దుకాణం కడిగించి, తూకం కాటాకి, స్ప్రేయర్లకి, మోటారు సైకిలుకి పసుపు రాసి బొట్లు పెట్టాడు. గుమ్మడికాయ కొట్టాడు. వెనక గదిలో కొత్త చాప పరిచాడు, కంప్యూటర్ మీద కొత్త తువ్వాలు కప్పాడు. అంతా కొత్తగా ఉంది, లోపల మాత్రం పాతవి ఎందుకుండాలని ఆయనకో ఆలోచన వచ్చింది. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతున్న మేనల్లుడు రమణబాబుకి ఫోన్ చేశాడు. ఉన్న ప్యాకేజీలన్నిటినీ ఒక్క దెబ్బతో కొత్తవిగా మార్చే కమాండు ఒకటుందని రమణబాబు చెప్పాడు. అలా మార్చొద్దని కంప్యూటర్ హెచ్చరిస్తే, ఆ హెచ్చరికను తోసేసే ముక్క ఒకటి కమాండు చివర తగిలించమని కూడా చెప్పాడు. జగదీశ్వరరావు దవడ కింద జర్దా కిళ్ళీ బిగించి, వేలికంటిన సున్నం చొక్కాకి తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. తెరమీద వరసలు జరజరా పరిగెత్తాయి. ఆయన కర్పూరం వెలిగించి హారతిచ్చాడు.

పండగ వెళ్ళాక దుర్గ వచ్చి తువ్వాలు తీసేసరికి మొదటి బూజు కనబడింది. తెరమీద ఎర్రక్షరాలు. పైథాన్ ప్రోగ్రాం ఒంటరిగా బతికేది కాదు, ఎవరెవరో రాసిపెట్టిన ప్యాకేజీలు తెచ్చుకుని వాటి మీద నిలబడుతుంది. దుర్గ ప్రోగ్రాంలో బొమ్మలు చదివే ప్యాకేజీ ఒకటుంది. అది అంకెల పని చూసే నమ్‌పై అనే ప్యాకేజీ పాత రకంతో తయారైంది. పాత నమ్‌పై పోయి కొత్తది వచ్చి కూర్చుంటే అది పలకదు. ఆకు ఫోటో ఇస్తే తెగులు పేరు బదులు గజం పొడుగు ఎర్రర్ కక్కుతోంది.

"సార్, పండగనాడు దీన్లో ఏటైనా ఇన్‌స్టాల్ చేసేరాండీ?" అని అడిగింది దుర్గ.

"నానా? పసుపు రాసేను, బొట్టెట్టేను. అంతకి మించి నాకేటి తెలుసు?" అన్నాడు జగదీశ్వరరావు, కిళ్ళీ ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మారుస్తూ.

"అన్ని ప్యాకేజీలూ ఆ రోజు తేదీతోనే మారేయండీ. ఇదిగో, చూడండి."

"తేదీలకేటమ్మా, మిషన్ దాని ఇష్టమొచ్చినట్టు సూపిస్తాది. మొన్న కరెంటు పోయొస్తే పాత సంవత్సరం సూపించలేదా?"

ఆ ఇంట్లో తెరమీది అక్షరం సాక్ష్యానికి పనికిరాదని దుర్గకు ఆ రోజే తెలిసింది. నోరు మూసుకుని కొత్త నమ్‌పై తీసేసి పాతది వేసింది. ఆకుల ప్రోగ్రాం లేచింది. లేవగానే బిల్లుల ప్రోగ్రాం పడుకుంది. అది రమణబాబు ఆ పండగకే కొత్తగా పంపింది, దానికి కొత్త నమ్‌పై కావాలి. యూరియా బస్తాకి బిల్లు రావడంలేదని జగదీశ్వరరావు కేకలు. మధ్యాహ్నం దుర్గ అన్నానికి వెళ్ళిన సందులో ఆయన మేనల్లుడికి ఫోన్ చేసి మళ్ళీ కొత్తది వేశాడు. బిల్లు లేచింది, ఆకు పడుకుంది. ఇలా ఒకరు వేసింది ఒకరు పీకుతుంటే, ఒక్కోసారి సగం తెగి లోపలే ఉండిపోయిన ముక్కల మీద మరో ముక్క పడుతుంటే, బూజు కంతల్లోంచి పొంగుకొచ్చింది. గుడ్డ పిండితే చేతికి జిగురు. సబ్బుతో కడిగినా గోళ్ళ సందుల్లో వాసన పోదు. దుర్గ ఆ చేత్తో ముద్ద కలుపుకోలేక ఇంట్లో చెంచాతో తినడం మొదలుపెట్టింది.

"సార్, దీనికి మందు ఉందండీ. ఆకుల ప్రోగ్రాంకి ఒకటి, బిల్లులకి ఒకటి, వేరువేరు ఎన్విరాన్‌మెంట్లు పెట్టేస్తాను. ఎన్విరాన్‌మెంట్ అంటే గదిలాంటిదే. దేని ప్యాకేజీలు దాని గదిలో ఉంటాయి, ఒకదాని జోలికి ఒకటి రాదు. ఈ పూటే అయిపోద్ది" అంది.

"వేరు కుంపటేటమ్మా? ఒక్క మిషన్లో రెండు కాపరాలా? మా ఇంట్లో ఇప్పటికి ఇద్దరు కోడళ్ళు పెట్టేసేరు సాల్లే. మా రమణబాబు ఇంజనీరింగు, ఆడు సెప్పనిది నువ్వు సెబుతావా?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బూజు పెరిగేకొద్దీ ఆయన దుర్గ చేతి మీద మాటలు మొదలుపెట్టాడు. "హస్తవాసి ఉండాలండీ దేనికైనా" అని రైతులకి వినబడేలా అనేవాడు. ఆ మాట మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళింది.

రామాయమ్మ దిగింది. గుమ్మం అవతలే నిలబడి, చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, బూజు వంక ఒకసారి, దుర్గ వంక చాలాసేపు చూసింది. దుకాణంలో అప్పుడు సింగన్న, ఇంకా ఇద్దరు ముగ్గురు రైతులు ఉన్నారు. ఆవిడ గొంతు తగ్గించలేదు.

"ఓలమ్మీ, అడుగుతాను, సిగ్గుపడకుండా సెప్పు. ముట్టైనప్పుడు కూడా నువ్వా మిషన్ మీద సెయ్యేస్తన్నావా?"

దుర్గకు ముందు అర్థంకాలేదు. అర్థమయ్యాక చెవులు కాలిపోయాయి.

"దానికీ దీనికీ ఏటి సంబంధం మామ్మగారూ? నమ్‌పై పాతది ఉండాలండీ, కొత్తది వేసేసేరు, అందుకని..."

"నంపయ్యో గింపయ్యో నాకు తెల్దు. ముట్టుసెయ్యి తగిలితే జాడీకి బూజడతాది. మిషనైనా అంతే. జగదీసూ, ఆ రోజుల్లో ఈ గుంటని లోపలికి రానీకు."

సింగన్న తల దించుకుని చేతిలో ఉన్న ఆకుని మడతలు పెట్టాడు. జగదీశ్వరరావు గోడ మీద క్యాలెండరు చూశాడు. "పెద్దావిడ మాటమ్మా, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు మెత్తగా. ఇక్కడ ఛీ అనకపోతే ఇంకెక్కడ అంటాం! పండగనాడు తను కొట్టిన కమాండు ఆయనకు గుర్తుంది, తేదీలు చూపించినప్పుడు అడిగిన ప్రశ్న గుర్తుంది, అయినా ఒక ఆడపిల్ల ఒంటి సంగతిని నలుగురి మధ్య పరిచి, దాని వెనక దాక్కోవడానికి ఆయనకు క్షణం పట్టలేదు. ఈ నెలాఖరుకి బూజు పోకపోతే దుర్గ మానెయ్యాలనీ, ఆకుల ప్రోగ్రాం రమణబాబు చూసుకుంటాడనీ కూడా ఆ మెత్తదనంతోనే చెప్పేశాడు.

ఇంటికెళ్ళి చెబితే తల్లి అప్పలలక్ష్మి పొయ్యి ముందు నుంచి లేచి నిలబడిపోయింది.

"మానేసి ఇంటికాడుండు. ఆళ్ళ మిషనూ వద్దు, ఆళ్ళ గుమ్మం వద్దు. ఈ మాట మనూళ్ళో పడితే రేపు నిన్ను ఏ ఇంట్లోనైనా జాడీ ముట్టుకోనిస్తారేటి?"

"ఇప్పుడు మానేస్తే ఒప్పుకున్నట్టే కదమ్మా. ముట్టుతో కంప్యూటర్ పాడుచేసిన పిల్ల అంటారు. ఇంకో దుకాణంలో కూడా చేర్చుకోరు" అంది దుర్గ.

ఆ రోజులు వచ్చాయి. దుర్గ చెప్పలేదు. చెప్పకపోయేసరికి రామాయమ్మ మేడ మీంచే కేకేసి అడిగింది. అబద్ధమాడటానికి దుర్గకు అసహ్యమేసింది, అవునంది. దుకాణం ముందు అరుగు మీద యూరియా బస్తా వేసి, దానిమీద కూర్చోబెట్టారు. మంచినీళ్ళకి ప్లాస్టిక్ గ్లాసు ఒకటి వేరే పెట్టారు. రోడ్డున పోయే ఆటోలు, బస్సులోంచి తెలిసిన మొహాలు, ఎదురుగా ఫ్లెక్సీలో నవ్వుతున్న జగదీశ్వరరావు. వచ్చిన ప్రతి రైతూ ఒక్కటే ప్రశ్న.

"ఏటమ్మా, బయట కూకున్నావు?"

సింగన్న కూడా అడిగాడు. అడిగి, కారణం గుర్తొచ్చి, నాలిక్కరుచుకుని, చెరకు ఆకు ఆమె ఒళ్ళో పెట్టాడు. "మిషన్ లేకపోతే మానె. నువ్వే సూసి సెప్పమ్మా" అన్నాడు. దుర్గ ఆకు తిరగేసి చూసింది. ఈనె మీద ఎర్రమచ్చ ఉంది. తెగులు పేరూ, ఏ మొదళ్ళు పీకాలో కూడా చెప్పింది.

లోపల జగదీశ్వరరావుకి అడ్డు లేకపోయింది. ఫోన్ చెవికి నొక్కుకుని రమణబాబు చెప్పినవన్నీ కొట్టాడు. ఒకటి వద్దంటే బలవంతంగా వేశాడు, బలవంతంగా వేసింది పలకకపోతే దానిమీద ఇంకోటి వేశాడు. చివరికి పైథాన్‌నే పీకి మళ్ళీ పెట్టబోతే కంప్యూటర్ సగం ప్రాణంతో ఆగిపోయింది. ఆకూ లేదు, బిల్లూ లేదు. బూజు మాత్రం కీబోర్డు కప్పేసి, బల్ల కాళ్ళు దిగి, కొత్త చాప మీద పరుచుకుంది.

"మామ్మగారూ, ఇన్నాళ్ళూ నా చెయ్యి తగల్లేదు కదండీ, మరి బూజెందుకు పెరిగింది?" అని అరుగు మీంచే అడిగింది దుర్గ.

"పాత దోషం దిగడానికి టైము పడతాది" అంది రామాయమ్మ మేడ మీంచి. మూర్ఖత్వానికి సమాధానం దొరకని ప్రశ్న ఉండదు.

కానీ బూజు దోషం దిగినట్టు దిగలేదు, వైరు పట్టుకుని పైకి ఎక్కింది. గోడ మీద పాకి, మేడ మీదికి వెళ్ళిన కరెంటు గొట్టంలో దూరి, ఒక పొద్దున్న రామాయమ్మ జాడీల గదిలో తేలింది. జాడీల మూతికి కట్టిన వాసెన గుడ్డలు విప్పేసరికి వేసవిలో పెట్టిన ఆవకాయ మీద తెల్లటి పొర. ఆ పైన పచ్చటి నూగు. అది మామూలు జాడీ కాదు, ఎవరినీ ముట్టుకోనివ్వని పెద్ద జాడీ. రోజువారీకి చిన్న జాడీలోకి తీసుకోవడమే గానీ, అందులో ఆవిడ చెయ్యి తప్ప మరో చెయ్యి పడటానికి వీల్లేదు.

ఆవిడ అరుపుకి ఎదురు కొట్టు వాళ్ళు కూడా బయటికి వచ్చారు. జాడీ చంకన పెట్టుకుని మెట్లు దిగింది. అరుగు మీద బస్తా ముందు జాడీ దించి దుర్గ మీద విరుచుకుపడింది.

"ఇయ్యాల తేల్సీస్తాను. ఈ ముక్కు ఇప్పటిదాకా తప్పు సెప్పలేదు. నీ సెయ్యి ఇలా తే!"

రైతులు చుట్టూ మూగారు. దుర్గ లేచి నిలబడి చెయ్యి చాపింది. చాపడంలో బెదురు లేదు. ఇంతకంటే అవమానం ఇంకేముంటుందన్న విసుగు ఉంది, చూస్కో అన్న మొండితనం ఉంది. రామాయమ్మ మొదట మొహం ఎడంగా పెట్టింది. ముట్టుచెయ్యి మరి. కానీ దూరం నుంచి చూస్తే వాసన తెలీదు. చివరికి ఆ చేతి మీదికి వంగి గట్టిగా పీల్చింది. కొబ్బరినూనె, పచ్చి చెరకు ఆకు, అడుగున ఫినాయిల్.

తరవాత జాడీ మీదికి వంగింది. నర్సీపట్నంలో ఆ బూజుని ముక్కు దగ్గర పెట్టుకున్న మొదటి మనిషి ఆవిడే. ఒకసారి పీల్చింది. తలెత్తి, కళ్ళు మూసుకుని, మళ్ళీ వంగి పీల్చింది. చూపుడువేలితో కొంచెం తీసి ముక్కు కిందే పెట్టుకుంది. లోపలికెళ్ళి, చాప మీద బూజు ఒకసారి, కీబోర్డు మీద బూజు ఒకసారి వాసన చూసి, గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఒరే జగదీసూ. నీ సెయ్యి తే."

"నా సెయ్యెందుకమ్మా?"

"తెమ్మన్నాను."

ఆయన చెయ్యి చాపాడు. వేళ్ళకి సున్నం, వక్కరంగు. వాసన చూడక్కర్లేకుండానే అందరికీ తెలిసిపోయింది, అయినా ఆవిడ చూసింది.

"జర్దా" అంది రామాయమ్మ. "జర్దా, కిళ్ళీలో కాసు, పండగనాడు వెలిగించిన కర్పూరం. ఈ బూజు ఎక్కడ ముట్టుకున్నా నీ సేతి కంపేరా."

"అది కాదమ్మా, రమణబాబు సెప్పేడని..."

"సెప్పేడని నువ్వు కొట్టేవు. కొట్టి ఈ పిల్ల మీద ఎట్టేవు. నా సేత కూడా ఎట్టించేవు."

రామాయమ్మ బస్తా మీద కూలబడింది, దుర్గ కూర్చున్న బస్తా మీదే. జాడీ వంక చూస్తూ, ఎవరికీ కాకుండా మాట్లాడింది.

"కాపరానికొచ్చిన కొత్తలో మా అత్తారి జాడీకి బూజడింది. నాను ముట్టుకున్నానని పశువుల సాలలో కూకోబెట్టేరు, సంక్రాంతెల్లిందాకా. అప్పుడు సూసేను వాసన. సుట్ట కంపు. మా మావ తాగే సుట్ట. తెలిసి కూడా నోరు మెదపలేదు. అప్పట్నించి ప్రతి బూజుకీ కోడళ్ళ సేతులే వాసన సూసేను గానీ, ఒక్క మగాడి సెయ్యీ సూడలేదు."

దుర్గకు ఆవిడ మీద జాలి కలిగింది. అసహ్యం మాత్రం పోలేదు. ఆ రెండూ పక్కపక్కనే ఉండిపోయాయి.

"లోపలికెళ్ళి నీ పని సేసుకో అమ్మీ" అంది రామాయమ్మ.

"ఇంకా అవ్వలేదు మామ్మగారూ. ఇవాళ కూడా దూరమే" అంది దుర్గ, అందరూ వింటుండగా. ఆవిడ అంత గట్టిగా అడిగిన మాటకు అంత గట్టిగానే జవాబు చెప్పింది. "వెళ్ళమంటే వెళ్తాను. కానీ రేపు మళ్ళీ నెల తిరిగాక బస్తా మీద కూర్చోమంటే కూర్చోను. వేరు గది ఆ ప్యాకేజీలకి కావాలి గానీ మనుషులకి కాదు."

రామాయమ్మ చెయ్యి ఊపింది, వెళ్ళమని.

దుర్గ చున్నీ ముక్కుకి కట్టుకుని లోపలికి వెళ్ళింది. సగం చచ్చిన పైథాన్‌ని మొదటినుంచీ శుభ్రంగా పెట్టింది. దాని జోలికి ఇంకేదీ పోకుండా, ఆకుల ప్రోగ్రాంకి ఒక ఎన్విరాన్‌మెంట్, అందులో పాత నమ్‌పై. బిల్లులకి ఇంకో ఎన్విరాన్‌మెంట్, అందులో కొత్తది. రామాయమ్మ గుమ్మంలోకి కుర్చీ లాగించుకుని చూస్తూ కూర్చుంది. ఏం చేస్తున్నావని అడిగితే దుర్గ చెప్పింది.

"ఓసి ఇదా! పెద్ద జాడీ ముట్టుకోకుండా ఎవరి సిన్న జాడీ ఆళ్ళకి తీసివ్వడం" అంది ఆవిడ. "ఇది తెలీకేటిరా ఇంత కంపు సేసేవు, జగదీసూ?"

ఆ పూట ఆకుల ప్రోగ్రాం లేచింది, బిల్లుల ప్రోగ్రాం కూడా లేచింది. ఒకటి లేస్తే ఇంకోటి పడుకోలేదు. బూజు అంచుల నుంచి ఎండిపోయి, పొట్టులా రాలింది. దుర్గ చీపురుతో ఊడ్చి, చేటలో ఎత్తి, వీధి చివర కుప్పలో పారబోసి వచ్చింది. వచ్చి సబ్బుతో చేతులు కడుక్కుంటుంటే రామాయమ్మ చిన్న జాడీ పట్టుకుని నిలబడి ఉంది. గరిటెతో ఆవకాయ తీసి, దుర్గ అరచేతికి జానెడు ఎత్తునుంచి వెయ్యబోయింది. ఆ జానెడు ఎత్తు దుర్గ చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అలా అయితే నాకొద్దండీ."

ముసలావిడ గరిట గాల్లోనే ఆగింది. నూనె బొట్టు ఒకటి గచ్చు మీద పడింది. తరవాత గరిట జాడీలో పడేసి, జాడీనే ముందుకు జరిపింది. దుర్గ చెయ్యి తుడుచుకుని, తడి లేదని చూసుకుని, జాడీలోకి చెయ్యి పెట్టి ఒక ముక్క తీసుకుంది. రామాయమ్మ కళ్ళు మూసుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆ జాడీని ఆ నెలంతా రోజూ మూత తీసి వాసన చూసింది. కొబ్బరినూనె వాసన లీలగా ఉంది. బూజు మాత్రం రాలేదు.

ఆ తరవాత రామాయమ్మ దుకాణానికి ఒక కట్టుబాటు పెట్టింది. జర్దా నమిలిన రోజున జగదీశ్వరరావు వెనక గది గుమ్మం తొక్కకూడదు. ఆయన జర్దా నమలని రోజంటూ లేదు. అందుకని ఆయన ఇప్పుడు రోజూ అరుగు మీద యూరియా బస్తా మీదే కూర్చుంటున్నాడు, పక్కన ప్లాస్టిక్ గ్లాసుతో, ఎదురుగా ఫ్లెక్సీలో నవ్వుతున్న తన మొహం చూసుకుంటూ.

మొన్న సింగన్న కొత్త ఆకు పట్టుకుని వచ్చాడు. లోపలికి వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"ఏటండీ బాబుగారూ, బయట కూకున్నారు?"

జగదీశ్వరరావు కిళ్ళీ ఉమ్మబోయి, మింగేశాడు. లోపల్నించి దుర్గ పిలిచింది.

"ఆకు ఇలా తెండి సింగన్న మావా, బేగి చూసేద్దాం."